సిమెంటు కొంగ నెత్తిన అసలు కొంగ: పెద్ద చెరువు సుందరీకరణ కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ పెద్దలకు నమస్కారాలు.

నేను ఈ ఊరి హైస్కూల్లో 31 ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. రెండు కొండలు, కొండల నడుమ సగం సూర్యుడు, కింద ఒక ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరిచెట్టు. మీలో కనీసం ఇద్దరికి ఆ బొమ్మ నేర్పిన పాపం నాదే. మన ఊళ్ళో ఏరూ లేదు, కొబ్బరిచెట్టూ లేదు. కిటికీలోంచి చూస్తే కనిపించే చెరువును వదిలేసి, ఎక్కడిదో దృశ్యాన్ని మూడు తరాల పిల్లలతో గీయించాను. పోయిన నెల మున్సిపల్ హాల్లో మీరు తెర మీద చూపించిన రెండో విడత ప్లాను చూశాక, ఇప్పుడు అదే బొమ్మను డబ్బు పోసి కట్టబోతున్నారని అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు రానివాళ్ళ కోసం ప్లాను సంగతి చెప్తాను. కట్ట పొడుగునా ఫైబర్ జంతువులు. రెండు జిరాఫీలు, ఒక డైనోసార్, గులాబీ రంగు ఫ్లెమింగోల గుంపు. తూము దగ్గర సెల్ఫీ పాయింట్, ఊరి పేరు ముందు ఎర్రటి గుండె. మత్తడి పక్కన రంగులు మారే లైట్ల తామరపువ్వు. చెరువు నడుమ మట్టి పోసి ఒక దిబ్బ, దాని మీద విగ్రహం, చుట్టూ బోటింగ్. విగ్రహం ఎవరిదో ఇంకా తేలలేదన్నారు. అది తేలి గొడవలు మొదలయ్యేలోపే నాలుగు మాటలు రాస్తే నయమనిపించింది.

ముందు మొదటి విడత సంగతి. మూడేళ్ళ కిందట కట్ట మీద ఆరు సిమెంటు కొంగలు పెట్టారు. ఇప్పుడు నాలుగున్నాయి. చివరిదానికి ముక్కు విరిగి ఇనుప చువ్వ బయటికొచ్చింది. రోజూ పొద్దున నడకకు వెళ్ళినప్పుడు చూస్తుంటాను, ఆ ముక్కు విరిగినదాని నెత్తి మీద ఒక గుడ్డి కొంగ వచ్చి కూర్చుంటుంది. మట్టిరంగు ఒళ్ళు, మెడ లోపలికి ముడుచుకుని, జలుబు చేసిన ముసలాయనలా ఉంటుంది. లేచి ఎగిరితే మాత్రం రెక్కలు తెల్లగా మెరుస్తాయి. మనిషి దగ్గరికొచ్చేదాకా కదలదు కాబట్టి కళ్ళు కనపడవనుకుని మనవాళ్ళు ఆ పేరు పెట్టారు. దాని చూపుకేం ఢోకా లేదు. కింద నాలుగడుగుల లోతున కదిలే పరక పిల్లలను అక్కడినుంచే చూస్తుంది. చూస్తుంది, అంతే. ఇదివరకు ఆ చోట జమ్ము, తుంగ దుబ్బులుండేవి. చీలమండ లోతు నీళ్ళుండేవి. అది అందులో గంటసేపు ఒంటికాలి మీద నిలబడి వేటాడేది. మొదటి విడతలో ఆ దుబ్బులు పీకించి, ఒడ్డంతా ఏటవాలుగా రాళ్ళు పరిచారు. ఇప్పుడు నీళ్ళు ఉంటే నిలువు లోతు, లేకుంటే రాయి. నడిమి అంచు పోయింది. నిలబడే చోటు లేక పాపం, అది తన బొమ్మ నెత్తినే ఎక్కి కూర్చుంటోంది.

ఆ కొంగలు చేసినవాడు నా శిష్యుడే. ఫైన్ ఆర్ట్స్ చదువుకున్నవాడు, చెయ్యి మంచిది. ఒకసారి టీకొట్టు దగ్గర పట్టుకుని "ఏరా, కొంగ మెడ అట్లనే ఉంటదా?" అని అడిగాను. "సార్, మూడు రోజులు ఈ కట్ట మీద కూర్చుని స్కెచ్‌లు వేసిన. కాంట్రాక్టర్ క్యాటలాగ్ తీసి ఇట్లాంటివే కావాలన్నడు. బొమ్మ ఒక్కింటికి రేటు. వారంలో ఆరు దిగాలె" అన్నాడు. ఆ స్కెచ్‌లు నాకు ఫోన్‌లో చూపించాడు. ఒకదాంట్లో గుడ్డి కొంగ నీళ్ళల్లో తన నీడనే తదేకంగా చూస్తోంది. అది ఇవాళ్టికీ వాడి ఫోన్‌లోనే ఉంది. నా ఫిర్యాదు వాడి మీద కాదు, ఆ కాంట్రాక్టర్ మీద కూడా కాదు. చెరువు దగ్గరి పనిని బెంచీలు, డస్ట్‌బిన్లు కొన్నట్టు టెండర్‌లో కొంటున్న పద్ధతి మీద.

చెరువు ఒడ్డున కళ మనకు కొత్తేమీ కాదు. కట్ట మైసమ్మను చూడండి. ఒక రాయి, పసుపు, కుంకుమ, పైన వేపచెట్టు. శిల్పి ఎవరో తెలియదు. కట్ట తెగకుండా కాపాడే తల్లి అని అక్కడ పెట్టారు. మొక్కడానికి వెళ్ళినవాళ్ళ కళ్ళు ఎటూ కట్ట మీద పడతాయి. ఎక్కడైనా బుంగ పడితే, నీరు ఊరితే ఆ దారిన ముందే తెలిసిపోయేది. బతుకమ్మ సంగతి వేరే చెప్పాలా? ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఏటా తొమ్మిది రోజుల పాటు చేసి, తమ చేత్తోనే నీళ్ళలో కలిపేసే బొమ్మ అది. ఏ ఆర్ట్ గ్యాలరీ అయినా దీని ముందు దిగదుడుపే. తంగేడు గట్టు మీద పూస్తుందని, గునుగు బీళ్ళలో, చేల గట్ల మీద దొరుకుతుందని, కట్లపూలు ఎక్కడుంటాయో వెతుక్కోవాలని మా అమ్మకు ఎవరూ క్లాసు పీకలేదు. బతుకమ్మ పేర్చాలంటే పూలు తేవాలి, పూలు తేవాలంటే ఊరి పొలిమేర తిరగాలి. అంతే. ఇప్పుడు రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం, అది వేరే బాధ.

పోయిన సద్దుల బతుకమ్మ నాడు ఏం జరిగిందో మీరు స్టేజీ మీద ఉన్నారు కాబట్టి చూసి ఉండరు. రెయిలింగ్‌కు ఇవతల ఆడవాళ్ళు, అవతల రబ్బరు బూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు. వీళ్ళు సిబ్బి ఎత్తి అందిస్తే వాళ్ళు తీసుకుని నీళ్ళలోకి వంచేస్తున్నారు. లారీలోంచి ఇటుకలు దింపినట్టు, ఒకదాని వెనక ఒకటి. మా ఎదురింటి వదినమ్మ బతుకమ్మ చేయి మారేటప్పుడు ఒరిగింది. పైనున్న పసుపు గౌరమ్మ జారి ఇవతలి సిమెంటు గచ్చు మీద పడింది. ఆమె వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుని అట్లాగే నిలబడిపోయింది. వెనక తోపులాట. ముందు రెయిలింగ్. అటు విసరడానికి మనసొప్పదు, ఇంటికి తీసుకుపోతే ఏమవుతుందోనని భయం. చివరికి కొంగున ముడేసుకుని తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున మత్తడి కాలువ దాకా నడిచి వెళ్ళి వదిలి వచ్చిందట.

రెయిలింగ్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో ఈతకు దిగి పిల్లాడు పోయాడు. ఆ ఇంటికి నేనూ వెళ్ళాను. కట్టంతా తెరిచిపెట్టమని అడగడం లేదు. కానీ కాళ్ళు తడుపుకునే చోటు ఒక్కటీ మిగల్చకుండా, ఆ పక్కనే లైట్ల తామర పెట్టి ప్రకృతికి దగ్గరవ్వండి అంటే ఎట్లా?

ఇక ఆ దిబ్బ. దీని గురించి నాకంటే పెద్దలు ఎప్పుడో చెప్పేశారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని రాయి మీద చెక్కించాడు. అంతటితో ఆపకుండా మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించాడు. ఆ ఆరు దోషాల్లో ఒకటి, చెరువు మధ్యలో తాబేటి వీపులా మెరక ఉండటం! దాదాపు ఆరున్నర వందల ఏళ్ళ కిందటే తప్పని రాసిపెట్టినదాన్ని మనం లారీలతో మట్టి తోలి మరీ చేయబోతున్నాం. పన్నెండు అంగాల్లో చివరిది కూడా చదవండి. ఆ పని తెలిసిన మనుషుల జట్టు ఉండాలన్నాడు. క్యాటలాగ్ ఉండాలనలేదు.

జట్టు అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. భద్రాచలం నుంచి కుంట, సుక్మా, జగదల్‌పూర్ మీదుగా పైకి పోతే బస్తర్‌లో కొండగావ్ వస్తుంది. డోక్రా అనే ఇత్తడి పోత బొమ్మలకు పేరున్న ఊరు. ముంబై కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివరి నుంచి అక్కడికి వెళ్తూ, అక్కడి ఆదివాసీ కళాకారులు రాజ్‌కుమార్ కొర్రం, శాంతిబాయి, గెస్సురామ్‌లతో కలిసి పనిచేశారు. వాళ్ళు ఎంచుకున్న చోటు ఏదో తెలుసా? బోరింగు. ఆడవాళ్ళు, పిల్లలు రోజూ బిందెలతో చేరే చోటు. చుట్టూ బురద, ఈగలు, నిలిచిన మురుగు. నిండిన బిందెను నేల మీది నుంచి నెత్తికి ఎత్తుకోవడంలో నడుం ఎట్లా పట్టేస్తుందో ఆ ఆడవాళ్ళనే అడిగి తెలుసుకున్నారు. బిందెను ముందు ఒక ఎత్తులో దింపుకుని, అక్కడినుంచి నెత్తికి ఎత్తుకునేలా గద్దెలు కట్టారు. వాడిన నీళ్ళు నిలవకుండా పోయే ఏర్పాటు చేశారు. గోడల మీద అక్కడి వాళ్ళ గుర్తులు, బొమ్మలు చెక్కారు. వాటికి నల్‌పార్ అని పేరు. పిల్లలు చేరి ఆడుకోవడానికి, నేర్చుకోవడానికి 'పిల్లా గుడి' అని వేరే చోట్లు కూడా కట్టారు. పేరు వింటే మన మాటే అనిపిస్తుంది. ఈ బోరింగుల ఫోటో మొదటిసారి చూసినప్పుడు ఇందులో శిల్పం ఎక్కడుందా అని వెతికాను. తర్వాత అర్థమైంది, బిందె ఎత్తే ఆ మనిషి నడుము వంగకుండా నిలబడటమే శిల్పమని. నీళ్ళ దగ్గరికి మనిషిని తేవడమంటే ఇట్లా ఉండాలి.

ఇంకొకటి దూరదేశం సంగతి. జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో 1982లో జోసెఫ్ బోయిస్ అనే కళాకారుడు మ్యూజియం ముందు 7000 నల్లరాళ్ళు గుట్ట పోయించాడు. మన దక్కన్ నల్లరాయి జాతివే, ఒక్కోటి నాలుగడుగుల పొడవు. ఊరివాళ్ళు సహజంగానే తిట్టుకున్నారు. అందమైన మైదానంలో ఈ రాళ్ళేమిటని. ఆ గుట్ట తరగాలంటే ఆయన పెట్టిన దారి ఒక్కటే. ఊళ్ళో ఎక్కడైనా ఒక చెట్టు నాటితే గుట్టలోంచి ఒక రాయి తీసుకెళ్ళి దాని పక్కన నిలబెట్టాలి. బోయిస్ 1986లో పోయాడు. మరుసటేడు, 1987లో, చివరి చెట్టును ఆయన కొడుకు నాటాడు. ఆ చెట్లు ఇప్పుడు ఆ ఊరి నీడ. నాకు ఇందులో నచ్చింది చెట్టుకంటే పక్కనున్న రాయి. మొక్క చస్తే రాయి మిగిలిపోతుంది. ఇక్కడ ఉండాల్సింది ఏమైంది అని దారినపోయే ప్రతివాణ్ణీ అడుగుతుంది. ఏటా అదే గుంతలో కొత్త మొక్క పెట్టి అదే ఫోటో దిగే మనకు అట్లాంటి సాక్షి రాళ్ళు చాలా కావాలి. (దీన్ని మక్కీకి మక్కీ దించమని చెప్పడం లేదు. మనం దించితే రాళ్ళు వస్తాయి, చెట్లు రావు.)

మరి ఏం చేయమంటావయ్యా అంటారు. నా మనసులో ఉన్నది ఒకటి చెప్తాను. తప్పయితే కొట్టిపారేయండి.

మన చెరువు తూము దగ్గర నీటిమట్టం చూపే బోర్డు ఉంది. మీటర్లలో అంకెలు. ఇంజనీర్ తప్ప చూసేవాడు లేడు. అంతకుముందు తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలే నీరటి ఉండేవాడు. ఆయనకు అంకెలు రావు. తూము రాళ్ళలో ఏది మునిగింది, ఏది తేలింది అన్నదాన్ని బట్టి ఇంకెన్ని తడులు పారతాయో చెప్పేవాడు. ఆయనతో పాటు ఆ లెక్క కూడా పోయింది. దాన్ని ఒక రాతి స్తంభంలో మళ్ళీ పెడదాం. తూము పక్కన అందరికీ కనిపించేలా ఒకటే స్తంభం. అడుగడుక్కూ ఒక బొమ్మ. అట్టడుగున కొర్రమీను, ఎందుకంటే చెరువు ఎండి బురద మిగిలినా చివరిదాకా బతికేది అదే. దానిపైన ఎండ్రకాయ. ఆపైన తామర తూడు. ఆపైన లకుముకి పిట్ట. మత్తడి దుంకే మట్టంలో, అన్నిటికంటే పైన, ఎగిరే గుడ్డి కొంగ. వాన పడ్డ మర్నాడు పిల్లలు పరిగెత్తుకొచ్చి ఇవాళ ఏ బొమ్మ మునిగిందని చూస్తారు. మే నెలలో "ఈసారి నీళ్ళు ఎండ్రకాయ దాకా దిగినయి" అని టీకొట్టు దగ్గర మాట పుడుతుంది. ఏ ఏడు ఎంతదాకా దిగిందో పక్కన చిన్న గీత, సంవత్సరం చెక్కుకోవచ్చు.

యూరప్‌లో ఎల్బె నది ఒడ్డున ఇట్లాంటి రాళ్ళే ఉన్నాయి. కరువు రాళ్ళంటారు. చెక్ దేశంలోని జేచిన్ అనే ఊరి దగ్గర ఒకదాని మీద 1616 నాటి గీత ఇప్పటికీ చదవొచ్చు. అదే రాయి మీద "నన్ను చూస్తే ఏడువు" అని కూడా చెక్కి ఉంది. నది నిండుగా ఉన్నప్పుడు రాయి కనిపించదు. కనిపించిందంటే ఆ ఏడు పంటలు లేవన్నమాట. 2018 ఎండల్లో మళ్ళీ బయటపడింది. ఒక మాట, ఒక గీత, నీళ్ళు చేసే పని నీళ్ళే చేసుకుంటాయి. కరెంటు బిల్లు లేదు.

ఈ స్తంభం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బొమ్మలు గీయడానికి నా శిష్యుడున్నాడు, ఆ ఫోన్‌లోని స్కెచ్‌లతో సహా. చెక్కడానికి గుట్ట కింద రాళ్ళు కొట్టే కుటుంబాలున్నాయి. పొత్రాలు, రోళ్ళు కొనేవాళ్ళు లేక ఇప్పుడు సమాధి రాళ్ళు చెక్కుతున్నారు. ఏ చేప ఏ లోతులో తిరుగుతుందో చేపల సొసైటీ వాళ్ళను అడగాలి. ఏ మట్టంలో ఎంత పొలం పారుతుందో ఆయకట్టు రైతులకు తెలుసు. జూనియర్ కాలేజీ జువాలజీ లెక్చరర్ ఏళ్ళ తరబడి ఈ చెరువు పక్షుల లెక్క నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు, ఇంతవరకు ఎవరూ అడగలేదట. స్తంభం పక్కనే రెండు బారల వెడల్పు మెట్లు దింపండి. మెట్టు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. సిబ్బి నెత్తిన పెట్టుకున్న మనిషి కాలు ఎక్కడ పెడుతున్నానో చూసుకోలేదు, అది గుర్తుంచుకోవాలి. బతుకమ్మను ఒక క్షణం దింపుకోవడానికి రొమ్ము ఎత్తున గద్దె కట్టండి, ఆ కొండగావ్ బోరింగు దగ్గరున్నట్టు. మెట్ల ముందు మోకాలి లోతులో నీళ్ళ కింద రాతి అరుగు కడితే పిల్లల భయం ఉండదు. మిగతా రోజుల్లో గేటుకు తాళం వేసుకోండి, ఎవరూ కాదనరు. గద్దె ఎంత ఎత్తుండాలో మాత్రం ఇంజనీర్‌ను అడక్కండి. మా ఎదురింటి వదినమ్మను అడగండి.

మెట్లకు ఇటు పక్క వంద గజాలు రాళ్ళు తీసేసి ఒడ్డును వదిలేయండి. జమ్ము తానే వస్తుంది. దానికి ఏ శిల్పీ అక్కర్లేదు, గుర్రపు డెక్క కమ్మకుండా చూసుకుంటే చాలు. లైట్లు ఆ వైపు వద్దు.

డబ్బు సంగతి మీకే బాగా తెలుసు. నా ఒక్క విన్నపం, టెండర్‌లో బొమ్మల లెక్క తీసేయండి. కళాకారులకు నెలజీతం లెక్కన ఇవ్వండి, ఒక బతుకమ్మ నుంచి మరుసటి బతుకమ్మ దాకా. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చెరువు ఒడ్డున గడపకుండా ఏం కట్టాలో ఎవరికీ తెలియదు. మొదటి మూడు నెలలు ఏమీ కనిపించదు. ఫోటో ఉండదు, రిబ్బన్ ఉండదు. పై నుంచి ఫోన్లు వస్తాయి, ప్రోగ్రెస్ ఏది అని. ఆ టెన్షన్ మీరు మోయాలి. కమిటీ ఉన్నదే అందుకని నేననుకుంటున్నాను.

కళాకారులకు కూడా ఒక మాట, ఎందుకంటే వాళ్ళూ ఇది చదువుతారు. నాయనా, క్యాటలాగ్ చూపించినప్పుడు తల ఊపకండి. కడుపుకోసం అనే మాట నాకు తెలుసు. జీతం చాలక నేనూ పెళ్ళి మండపాలకు థర్మాకోల్ నెమళ్ళు కోసినవాణ్ణే. అయినా ఒక్కసారన్నా మీ స్కెచ్ పుస్తకం కమిటీ టేబుల్ మీద పెట్టి రండి. వాళ్ళు చూడరని మీరే ఎందుకు అనుకోవాలి?

ఫ్లెమింగోల గురించి వాదించను. అవి చలికాలంలో పులికాట్‌కు వస్తాయి, చూడాలనుకున్నవాళ్ళు సూళ్ళూరుపేట టికెట్ కొనుక్కుంటారు. జిరాఫీల గురించి నాకు మాటలు రావడం లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి తూము దగ్గర ఉంటాను. కమిటీలో ఎవరైనా రావచ్చు. బురద అంటినా పర్లేదనుకునే చెప్పులు వేసుకురండి. ఒక ఫ్లాస్కు టీ నేను తెస్తాను, నా శిష్యుడు స్కెచ్‌లు తెస్తాడు. మాట్లాడకపోయినా పర్లేదు, గంటసేపు కూర్చుందాం. అప్పటికి ఆ కొంగ వస్తుంది.

ఇంకొక సంగతి. రెండో విడతలో పాత బొమ్మలన్నీ పీకేయాలని ప్లానులో ఉంది. మూడింటిని పీకేయండి, సంతోషం. ముక్కు విరిగినదాన్ని మాత్రం, పక్కన జమ్ము మళ్ళీ మొలిచేదాకా, దయచేసి ముట్టుకోకండి. దాని మీద వాలేది ఒకటుంది.

ఇట్లు,
మీ పాత డ్రాయింగ్ మాస్టారు